దంతము: దోషియా, సాక్షియా?



ఎవరి స్మృత్యర్థము ఈ ఉపన్యాసనిధి ఏర్పడినదో ఆ వైద్యుని నామధేయము మీ చేతులలోని ఆహ్వానపత్రికమీద అచ్చుపడియున్నది. వరాహనదికి ఈ గట్టునను ఆ గట్టునను వారి నెరుగని కుటుంబము లేదు గనుక గుణకీర్తనముతో మీ కాలమును హరింపను. రోగి ఏ బాధ చెప్పుకొని వచ్చినను వారు నాడికంటె ముందు నోరు చూచెడివారు. చూచిన పిమ్మట, కనబడిన పుచ్చుపంటిమీద తొందరపడి నేరమెల్ల మోపెడివారు కారు. ఈ రెండు అలవాట్లలో మొదటిది చాలమందికి పట్టుబడును. రెండవది కొందరికే పట్టుబడును. రూట్ కెనాల్ చేయించుకొన్న పంటికిని, కారణము తెలియని దేహబాధలకును సంబంధము కలదా అను ప్రశ్నను నేటి ప్రసంగమునకు ఎన్నుకొనుటకు ఆ రెండవ అలవాటే ప్రేరకము.

మన ప్రాంతమున పంటినిగూర్చి ఒక భయము తరతరములుగా నున్నది. "పై పన్ను పీకిస్తే చూపు పోతాదంట గదా బాబూ" అని అడుగని ముసలమ్మ మన ఊళ్లలో అరుదు. ఈ భయముచేత చీముపట్టిన పంటిని లవంగనూనెతోను, మందులకొట్టు మాత్రలతోను ఏండ్లతరబడి నెట్టుకొనివచ్చినవా రనేకులు. పై దవడ పండ్లకు స్పర్శజ్ఞానము నిచ్చు నాడి వేరు, కంటికి చూపునిచ్చు నాడి వేరు. ఒకదానిని కదిపిన రెండవది ఆరిపోవుట జరుగదు. పై కోరపంటి చీము ముఖములోని సిరలగుండ కపాలములోనికి ప్రాకి కంటికిని ప్రాణమునకును ముప్పు తెచ్చుట అరుదుగానైనను జరుగును గనుక, చూపు పోవునను భయము నిజమైనచోట అది పన్ను పీకించినందువలన గాక పీకింపక ఉపేక్షించినందువలన నిజమైనది. ఇప్పు డీ పాతభయమునకు తోడుగా దానికి సరిగా ఎదురైన క్రొత్తభయము చేతిఫోనులద్వారా ఇంటింటికి వచ్చినది: "నరం చంపిన పన్ను ఒంట్లో శవంలాగ పడుంటుందట, కీళ్ల నొప్పులు, నీరసం, గుండెజబ్బు, ఆఖరికి కేన్సరు కూడా దానివల్లేనట" అని. ఒకే ఇంటిలో అత్తగారు పన్ను తీయించుకొనుటకును, కోడలు పన్ను ఉంచుకొనుటకును భయపడుచున్నారు.

ఇట్లడుగువారు అవివేకులని నే ననను. ఒళ్లంతయు నొప్పులు, మధ్యాహ్నమునకే అలసట, నిద్రలేమి. రక్తపరీక్షలన్నియు సరిగానే యున్నవని చీటీ. ఇంటిలోనివారి చూపులో కొంచెము అవిశ్వాసము: ఇట్టి స్థితిలో మనుష్యుడు తన బాధకు ఒక ఆదిని వెదకుకొనును. సంక్రాంతికి పంటికి రూట్ కెనాల్ చేయించితిని, ఉగాదికి నీరసము మొదలైనది అని దినములు లెక్కించుకొనును. ఆ లెక్క అబద్ధము కాదు. దానినుండి కార్యకారణసంబంధమును తీయుటయే కష్టము.

ఆ చికిత్స ఏమిటో ముందు చెప్పవలెను. పంటి నడుమ మెత్తని గుజ్జు కలదు. అందు రక్తనాళములు, నాడీతంతువులు ఉండును. పుచ్చు ఆ గుజ్జుదాక చేరినప్పుడు సూక్ష్మజీవులు ప్రవేశించి దానిని చంపి, వేరుకొన దాటి దవడయెముకలో చీమును పుట్టించును. వైద్యుడు ఆ చచ్చిన గుజ్జును సన్నని ఆకురాళ్లవంటి సూదులతో గీకి, క్రిమిసంహారక ద్రవముతో కడిగి, ఖాళీయైన నాళమును గట్టాపెర్చాతో మూసి, పైన కిరీటమును తొడుగును. గట్టాపెర్చా మలయా ప్రాంతపు వృక్షముయొక్క పాలు. పందొమ్మిదవ శతాబ్దమున సముద్రగర్భపు తంతితీగెలను చుట్టినదియు నదియే. లక్కబొమ్మలతో బ్రతుకు ఈ ఏటికొప్పాక ఊరివారికి ఈ పని మర్మమును బోధించుట సులభము. ఇచ్చటి శిల్పి అంకుడుకర్రను బాగుగా ఆరనిచ్చినగాని తరిమెనకు ఎక్కింపడు; పచ్చికర్రమీద లక్క ఎంత మెరసినను లోపలి చెమ్మ ఒకనాడు పగులు తెచ్చును. పంటిలోనను అంతే: లోపల శుభ్రపడనిదానికి పైకిరీటము రక్ష కాజాలదు. పై దవడ మొదటి పెద్దదంతమునందు తరచుగా నాల్గవ నాళమొకటి దాగియుండును. దానిని కనుగొననిచో, లేక వేరు నిలువునా చీలినచో, చికిత్స విఫలమగును. అట్టి వైఫల్యము తన గురుతులను తనచెంతనే చూపును. కొరికినప్పుడు నొప్పి, చిగురుమీద చీముపొక్కు, ఒకవైపు ముక్కునుండి మాత్రమే కారు దుర్గంధపు చీము, ఎక్స్‌రేలో వేరుకొన చుట్టు నల్లని నీడ: ఇవి వెదకదగిన గురుతులు.

పంటిలోని చీము దేహమంతటికిని విషము పంచునను వాదము చేతిఫోనులతో పుట్టినది కాదు. దానికి నూరేండ్లు దాటిన వంశవృక్షము కలదు, అందు మూఢులకంటె విద్వాంసులే ఎక్కువ. బెర్లినులో పనిచేసిన అమెరికా దంతవైద్యుడు మిల్లర్ 1891లో మానవుని నోరు రోగములకు కేంద్రమని వ్రాసెను. 1910లో విలియం హంటరను ఆంగ్లేయవైద్యుడు కెనడాలోని మాంట్రియల్ నగరమున మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో ప్రసంగించుచు, కుళ్లిన పండ్లమీద బంగారు తొడుగులు తొడుగు నాటి దంతవైద్యమును తీవ్రముగా గర్హించెను. నిజమునకు ఆ గర్హణమునకు కారణము లేకపోలేదు. నాడు ఎక్స్‌రే వాడుక తక్కువ, శుచి ఇంకను తక్కువ. షికాగోలో ఫ్రాంక్ బిల్లింగ్సు, ఆయన శిష్యుడు రోజనో ఆ నిందను సిద్ధాంతముగా మలచిరి: పంటిలోనో గొంతుగుళ్లలోనో దాగిన చిన్న చీముకేంద్రమునుండి సూక్ష్మజీవులు బయలుదేరి కీళ్లను, గుండెను, మూత్రపిండములను పట్టునని. క్లీవ్‌లాండు నగరపు దంతవైద్యుడు వెస్టన్ ప్రైసు, రోగుల నోటినుండి పీకిన పండ్లను కుందేళ్ల చర్మముక్రింద పొదిగి, ఆ కుందేళ్లకును రోగములు వచ్చినవని 1923లో రెండు పెద్ద సంపుటములు ప్రకటించెను. మన విశాఖపట్టణమున వైద్యకళాశాల ఆరంభమైనదియు ఆ సంవత్సరమే.

ఆ సిద్ధాంతము ఎంతదూరము పోయినదో తెలియుటకు ట్రెంటన్ కథ చాలును. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రపు మానసిక చికిత్సాలయమునకు 1907 నుండి 1930 దాక అధిపతియైన హెన్రీ కాటన్ ఉన్మాదమునకు మూలము గుప్తమైన చీమేయని నమ్మి రోగుల పండ్లను పీకించెను. పండ్లు పీకినను కుదురనివారికి గొంతుగుళ్లు తీయించెను. అప్పటికిని కుదురనిచో పెద్దప్రేవును కోయించెను. ప్రేవుకోతలో నూటికి 30 మంది చనిపోవుచున్నారని ఆయన లెక్కలే చెప్పినవి. నూటికి 85 మందిని బాగుచేసితినని ఆయన చాటుకొనుచుండగా, జాన్స్ హాప్కిన్సునుండి వచ్చి విచారించిన ఫిలిస్ గ్రీనేకరను వైద్యురాలు, చికిత్స ఎంత ఎక్కువ జరిగిన ఫలిత మంత హీనముగ నున్నదని నివేదించినది. ఆమె గురువైన అడాల్ఫ్ మేయరు ఆ నివేదికను బయటికి రానీయలేదు. కాటను వంచకుడు కాడు. తన పండ్లను, తన భార్య పండ్లను, కుమారుల పండ్లను సయితము పీకించినవాడు. చిత్తశుద్ధి ఒక్కటియే చాలునన్నచో ఆయనకంటె గొప్పవైద్యుడు దొరకడు.

ఈ వెల్లువకు అడ్డుకట్ట వేసినది మరియొక సిద్ధాంతము గాదు. ఓపికగా చేసిన లెక్క. రసెల్ సెసిలను కీళ్లవ్యాధి నిపుణుడు తొలుత తానును ఈ వాదమును నమ్మినవాడే. ఆయన, యాంజివైను అను సహచరునితో కలిసి, 200 మంది కీళ్లవాత రోగుల చరిత్రలను పరిశీలించి 1938లో ప్రకటించెను: గొంతుగుళ్లు తీయించుకొన్న 92 మందిలో 86 మందికి మేలు కలుగలేదు, పండ్లు పీకించుకొన్న 52 మందిలో 47 మందికి గుణము కనబడలేదు. అంతకు రెండేండ్లముందే ఫిష్, మెక్లీనులు ఇంకొక గుట్టు విప్పిరి. పన్ను పీకునప్పుడు అటునిటు ఊపుటచేత చిగురుచుట్టునున్న సూక్ష్మజీవులే వేరుకొనకు నెట్టబడుచున్నవి. పీకిన పంటి కొనమీద కనబడినవన్నియు పూర్వమునుండి అచ్చటనే కాపురమున్నవి కావు. ప్రైసు కుందేళ్లకు పొదిగిన పండ్లలో ఏది రోగి రోగమో, ఏది పీకుడుపని మలినమో చెప్పుట ఎట్లు?

మరి పీకించుకొని బాగుపడితిమన్న ఆ కొద్దిమంది మాట? కీళ్లవాతము దానంతటదియే కొన్నినెలలు తగ్గి మరల పెచ్చుపెరుగు స్వభావము కలది. బాధ శిఖరమున నున్నప్పుడే మనుష్యుడు పన్ను పీకించుకొనుటకు సాహసించును. శిఖరమునుండి దారి క్రిందికే గదా. పండ్లు ఉంచుకొన్నవారిలోనను అంతమందియే బాగుపడిరా అని అడుగనిదే ఆ మేలును పీకుడుకు జమకట్టరాదు. 1910 మొదలు పాతికేండ్లపాటు ఈ చిన్నప్రశ్న అడుగనందుకు రెండు ఖండములలో జనము మంచిపండ్లను గిన్నెలలో పోసికొనిరి.

ఈ కథలో తెలుగువాని పాత్ర యొకటి యున్నది. ఏ కీళ్లవాతము పేర అన్ని పండ్లు పోయినవో, ఆ వ్యాధికి నేడు వైద్యులు మొదట వ్రాయు మందులలో ముఖ్యమైనది మెథోట్రెక్సేటు. దాని తోబుట్టువైన అమినాప్టెరిన్, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగా నున్న లెడర్లీ ప్రయోగశాలలో తయారై, 1947లో పసిబిడ్డల రక్తకేన్సరుకై బోస్టనులోని సిడ్నీ ఫార్బరుకు అందినది. 1951లో దానిని కీళ్లవాతమునకు వాడిచూచిరి. మెథోట్రెక్సేటు ఆ వ్యాధికి అమెరికాలో అధికారికముగా అంగీకరింపబడుటకు 1988 దాక పట్టినది. పంటి మొదలున వెదకినవారికి దొరకని ఉపశమనము, వేరొక రోగమునకై చేసిన మందులో దొరకినది. సుబ్బారావుగారు 1948లోనే గతించిరి గనుక దీనిని చూడలేదు.

ఓడిన వాదము మరల లేచుట శాస్త్రచరిత్రలో వింత గాదు. 1990 ల ఆరంభమున జార్జి మైనిగను అమెరికా దంతవైద్యుడు ప్రైసు గ్రంథములను దుమ్ముదులిపి రూట్ కెనాలుమీద పుస్తకము వ్రాసెను. 2018లో అదే ధోరణిలో ఒక చలనచిత్రము వచ్చి, దంతవైద్యసంఘముల అభ్యంతరముపై మరుసటి సంవత్సరము ప్రధాన ప్రసారసంస్థ జాబితానుండి తొలగింపబడినది. తొలగించుట నాకు అంతగా నచ్చలేదు. దాచినదానిని నిజమనుకొను స్వభావము మనుష్యులకు కలదు. గ్రీనేకర్ నివేదికను దాచినందున కాటనుకు మేలైనట్లే, చిత్రమును దాచినందున చిత్రనిర్మాతకు మేలైనది.

పంటికిని దేహమునకును పొత్తే లేదని నేను చెప్పితినని ఎవరును పొరపడరాదు. గుండెకవాటములు చెడినవారికి, కృత్రిమ కవాటము అమర్చబడినవారికి, నోటిలోని సూక్ష్మజీవులు రక్తములోబడి కవాటముమీద గూడుకట్టుట ప్రాణాంతకము. ఆ రక్తప్రవేశము చికిత్సాసమయమునందుకంటె చెడిన చిగుళ్లతో దినదినము నమలుటచేతను తోముటచేతను మొత్తముమీద ఎక్కువ జరుగునని తలచి, అమెరికా హృద్రోగసంఘము 2007లో ముందుజాగ్రత్త మందును అధికప్రమాదము గలవారికే పరిమితము చేసినది. మధుమేహము చిగుళ్లను చెరచును, చెడిన చిగుళ్లు మధుమేహమును అదుపు తప్పించును. క్రింది దవడ చీము గొంతులోనికి దిగి ఊపిరి ఆపిన సంగతులు పెద్దాసుపత్రులలో పనిచేసినవా రెల్లరు నెరుగుదురు. గమనింపుడు: వీటిలో పెక్కింట అపరాధి చికిత్స పొందిన పన్ను కాదు, చికిత్స పొందని పన్ను.

విషమను మాట ఏటికొప్పాకకు క్రొత్తకాదు. సీసమువంటి ధాతువులు కలిసిన రసాయనవర్ణములు పూసిన బొమ్మలు పిల్లల నోటికి పోవునను శంకచేత విదేశపు బేరములు తగ్గిన కాలమున, ఈ ఊరి సి.వి. రాజుగారును శిల్పులును పసుపు, నీలి, జాఫ్రా మొదలగు చెట్టురంగులకు మరలిరి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చినది. ఆ శంకలో ఉన్న బలమేమనగా, సీసమును తూచవచ్చును. రంగులో ఎంత ఉన్నదో, బిడ్డ రక్తములో ఎంత చేరినదో అంకెలలో చెప్పవచ్చును. రూట్ కెనాలును నిందించువారిని, ఆ విష మేది, ఎంత, ఎచ్చట తూచితిరి అని అడుగుట తప్పు గాదు.

తెలుగునేలమీద పంటికిని దేహమునకును ఏకకాలమున వచ్చిన, చాలకాలము ఎవరికిని అంతుపట్టని వ్యాధి ఒకటి నిజముగా నుండెను. నాటి నెల్లూరు జిల్లాలో, నేటి ప్రకాశములోని దర్శి ప్రాంతమున, 1930 ల ఆరంభమున రైతులు తమ ఎద్దులు కాళ్లు బిగిసి నడువలేకపోవుటను గమనించిరి. మనుష్యులలోనను వెన్ను కఱ్ఱబారుట, మెడ తిరుగకపోవుట, నడుము వంగిపోవుట. చిన్ననాటినుండి అచ్చటనే పెరిగినవారి పండ్లపై సున్నపుచారలు, గోధుమరంగు మచ్చలు. ఆనాటి చూపుతో చూచిన షికాగో పండితు డెవడైన అచ్చట నుండినయెడల ఆ మచ్చపండ్లను చూచి, ఇవే వెన్నును బిగించినవని తీర్మానించి, దర్శి జనులనందరిని బోసినోళ్లను చేసియుండును. గిండీ కింగ్ సంస్థకు చెందిన షార్టును, ఆయన సహచరులును 1937లో కనుగొన్నది వేరు: నూతినీటిలోని ఫ్లోరైడు. రాతిపొరలనుండి దిగిన ఆ లవణము లేతవయసున పంటిపింగాణిని చెరచినది, ముదిరిన వయసున ఎముకను గట్టిపరచి సంధిబంధములను సున్నపుతాళ్లుగ మార్చినది. పన్ను వెన్నును చెరచలేదు. రెండింటిని నీరు చెరచినది. పన్ను ముందు చెడిన సాక్షి మాత్రమే. నల్గొండ ప్రజలు ఈ వ్యాధితో పడిన పాట్లు, పటిక సున్నములతో నీటిని శుద్ధిచేయు పద్ధతికి ఆ జిల్లా పేరే నిలుచుట మీరెరిగినవే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ గీసిన గీత, బావి బావికి నీటిని కొలిచి, ఊరూరి పండ్లను ఎముకలను పోల్చిచూచిన ఇట్టి శ్రమలఫలము.

నోటినుండి కేన్సరు వచ్చునా అను భయమునకును ప్రత్యుత్తరము మన తీరముననే కలదు. శ్రీకాకుళము, విశాఖ పల్లెలలో స్త్రీలు అడ్డపొగ త్రాగుట, అనగా చుట్ట నిప్పుకొనను నోటిలో పెట్టుకొని కాల్చుట, మీలో పెద్దలు చూచినదే. బట్టలుతుకునప్పుడైనను నాట్లు వేయునప్పుడైనను గాలికి ఆరక చుట్ట చాలసేపు నిలుచుననియు, బూడిద రాలదనియు వారు చెప్పుదురు. ఆంధ్ర వైద్యకళాశాల వైద్యులు 1957లో ఈ అలవాటునకును అంగిలి కేన్సరునకును గల సంబంధమును ప్రకటించిరి. డెన్మార్కు దేశపు పిండ్‌బోర్గును, ఆయన భారతీయ సహచరులును శ్రీకాకుళము పల్లెలలో 10,169 మంది నోళ్లను పరీక్షించి 1971లో అంగిలి మార్పులను వివరించిరి. త్రాగువారిని, త్రాగనివారిని పక్కపక్కన నిలిపి చూచుటయే ఆ పని బలము. రూట్ కెనాలుకు కేన్సరునంటగట్టు వీడియోను చూచి బెదరిన యింటిలోనే వెనుకపంచలో ముసలమ్మ అడ్డపొగ త్రాగుచుండుట నే నెరుగుదును; ఆమె నోటిలోనికి ఎవరును తొంగిచూడలేదు.

ఇక ఆ నీరసపడిన మనిషి సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో, 15 నుండి 49 ఏండ్లవారిలో, నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత కనబడినది. అలసట, ఆయాసము, తలతిరుగుట, గుండెదడ: ఏ పుస్తకమున చూచినను రక్తహీనత లక్షణము లివియే. థైరాయిడు మందగించుట, చక్కెర పెరుగుట, బి12 విటమిను తరుగుట, నిద్రలో ఊపిరి తెగుట, మనసు క్రుంగుట: వీటిలో ఒక్కటియు పంటిలో నుండదు, అన్నియు నీరసమును తెచ్చును. మనసు క్రుంగినదని చెప్పుట రోగిని అబద్ధీకుని చేయుట గాదు. ఆ నొప్పి నొప్పియే. అయినను, "అన్నీ నార్మల్, నీకేం లేదు పో" అని పంపివేయు వైద్యుడే ఆ రోగిని పన్ను పీకి దానిచోట ఖరీదైన ఇంప్లాంటు పెట్టు దుకాణమునకు సాగనంపుచున్నాడని నా అభిప్రాయము. వినని చెవి ఎంతటి సొమ్మును కదిలించునో ఆ దుకాణదారు డెరుగును.

కావున నావద్దకు అట్టివారు వచ్చినయెడల పంటిని తట్టి చూతును, చిగురును నొక్కి చూతును, ఎక్స్‌రే తీయింతును. సందేహము నిలిచినచో దవడను మూడుదిక్కుల చూపు స్కానునకు పంపుదును. వేరుకొన నీడ పెరుగుచున్నచో ఆ పంటికి మరల చికిత్స, అది పనికిరానిచో పీకుట. ఇందు సంకోచింప పనిలేదు. నీడ లేక, నొప్పి లేక, చీము లేక యున్నచో పంటిని దాని మానమున దానిని వదలి, రక్తము చూతును, నిద్రను గూర్చి అడుగుదును, ఇంటిలో ఎట్లున్నదని అడుగుదును, ఏ మందులు మ్రింగుచున్నారో సంచి విప్పించి చూతును. అప్పటికిని ఏమియు దొరకనివారు కొంద రుందురు. వారిని మూడునెలలకు మరల రమ్మని చెప్పి, అంతలోపల ఎవరు చెప్పినను ఆ పంటిని పీకింపవద్దని, బరువు తగ్గినను, రాత్రివేళ జ్వరము తగిలినను ఆ గడువు చూడక మరునాడే రమ్మని చీటీమీద వ్రాసి యిత్తును.